చెరువు సొసైటీది, చేప గుత్తేదారుది: ఉమ్మడి నిర్వహణ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఊరు, సుమారు వంద ఎకరాల చెరువు, మత్స్య సహకార సంఘంలో 160 మంది సభ్యులు, అందులో మీ నాన్న ఒకరు. ప్రతి ఏడాదీ పాలకవర్గం లోపాయికారీగా ఒక గుత్తేదారుకు చెరువు ఇచ్చేస్తుంది, ఎండాకాలంలో నీళ్లు తగ్గగానే అతని మనుషులు వచ్చి మొత్తం లాగేసి లారీలకు ఎక్కిస్తారు, సభ్యులకు తలా కొంత చేతిలో పెడతారు. మీరు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ కేరళలోని అష్టముడి సరస్సు గుల్లల వేట గురించి ఎక్కడో చదివారు. ప్రభుత్వం, మత్స్యకారులు కలిసి నడిపే ఈ కో-మేనేజ్‌మెంట్ మన చెరువుకు ఎందుకు తేకూడదు, ఏ ఆఫీసులో అప్లికేషన్ పెట్టాలి, లేకపోతే సొసైటీని వదిలేసి కంపెనీ లాంటిది పెట్టుకుందామా అని అడిగారు.

అప్లికేషన్ ఏమీ ఉండదు. ఈ ఉమ్మడి నిర్వహణకంటూ స్కీమ్ పేరు, ఫారం, సబ్సిడీ ఏమీ లేవు. పీవీఎన్ఆర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద పోతుంటే చేప ఆకారంలో ఒక బిల్డింగ్ కనిపిస్తుంది కదా, అదే జాతీయ మత్స్య అభివృద్ధి మండలి. వలలకో, ఐస్ బాక్సులకో, మార్కెట్ షెడ్డుకో డబ్బు వచ్చే దారులు అక్కడి నుంచి, జిల్లా మత్స్య శాఖ నుంచి చాలానే ఉన్నాయి. మీ చెరువులో ఎవరు ఎప్పుడు ఏ వల వేయాలి, తప్పు చేసినవాడిని ఏం చేయాలి అన్నది మాత్రం వాళ్లెవరూ రాసివ్వరు, రాసిచ్చినా నిలవదు.

నేను ఈ సొసైటీల మధ్యే చాలా ఏళ్లు తిరిగినవాణ్ని కాబట్టి ఒకే ఒక మాట గట్టిగా చెప్తాను. వలకన్ను సైజు, వేట విరామం, చిన్న చేప పట్టకూడదు అనే నియమాలతో మొదలుపెట్టకండి. అందరూ అక్కడే మొదలుపెడతారు, ఎందుకంటే ట్రైనింగుల్లో చెప్పేది అదే, ఫ్లెక్సీ మీద బాగుండేది కూడా అదే. మీరు డబ్బు లెక్కతో మొదలుపెట్టండి. ఎన్ని పిల్లలు వేశారు, ఎన్ని కిలోలు పట్టారు, ఎవరికి ఎంతకు అమ్మారు, ఖర్చెంత, మిగిలిందెంత, ఈ ఐదూ 160 మందికీ తెలిసేదాకా మిగతా ఏ నియమం గురించీ మాట్లాడొద్దు.

కారణం చాలా మామూలు విషయం. ఇప్పుడు మీ నాన్న చేతికి వచ్చేది గుత్త డబ్బులో వాటా. చెరువులో చేప అరకిలో ఉన్నప్పుడు పట్టినా, కిలోన్నర అయ్యాక పట్టినా ఆయనకు వచ్చేది అంతే. రాత్రిపూట ఎవడో సన్నకన్ను వలతో పిల్లల్ని ఎత్తుకెళ్తే నష్టం గుత్తేదారుది, ఆయనది కాదు. మరి ఆయన రాత్రి కట్ట మీద కాపలా ఎందుకు పడుకుంటాడు? చిన్న చేపను వదిలెయ్యమని పక్కింటి వాడితో గొడవ ఎందుకు పెట్టుకుంటాడు? చేప పెరిగితే తన జేబులోకి ఎంత వస్తుందో కళ్లకు కనిపించినప్పుడే మనిషి నియమం పాటిస్తాడు, పాటించనివాడిని నిలదీస్తాడు కూడా.

ఒక లెక్క వేసి చూద్దాం, ఇవి ఉదాహరణకు అనుకున్న అంకెలు, మీ చెరువువి కావు. గుత్త 4 లక్షలు అనుకోండి, 160 మందికి తలా 2,500. అదే చెరువులో 8 టన్నుల చేప వస్తే, సగటున కిలో 120కి సభ్యులే అమ్మితే 9 లక్షల 60 వేలు. వలలు, తెప్పలు, ఐస్, ఆటో, కాపలా, పట్టినవాళ్ల కూలి కలిపి 30 శాతం ఖర్చులకు పోయినా 6 లక్షల 72 వేలు మిగులుతుంది, తలా 4,200. తేడా 1,700. చూశారా, ఇదేమీ జీవితాలు మారిపోయే డబ్బు కాదు, అలా మారిపోతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. అయితే ఖర్చులో వెళ్లిన ఆ కూలి డబ్బు కూడా ఊళ్లోవాళ్లకే వచ్చింది, ఇంతకుముందు అది బయటి మనుషులకు పోయేది. రెండోది, గుత్తేదారు అసలు ఎన్ని టన్నులు తీశాడో ఇప్పుడు మీకెవరికీ తెలియదు, 8 టన్నులో 14 టన్నులో. ఆ అంకె తెలియకుండా గుత్త ఎక్కువా తక్కువా అని వాదించుకోవడం దండగ.

అలాగని గుత్తేదారును విలన్ చేసి చూడకండి. అతను ఎందుకున్నాడో చూడండి. పెట్టుబడి పెట్టేది అతను, వలలు అతనివి, లాగే మనుషులు అతని దగ్గర ఉన్నారు, మార్కెట్‌లో కమీషన్ ఏజెంటుతో సంబంధం అతనిది, సభ్యుడి ఇంట్లో పెళ్లికో ఆసుపత్రికో అడ్వాన్స్ ఇచ్చేది కూడా చాలాచోట్ల అతనే. ఇవన్నీ చేసేవాడిని తీసేస్తే ఆ పనులు ఎవరు చేస్తారో ముందే తేల్చుకోవాలి. ఒక్క ఏడాదిలో మొత్తం తెంపేసుకుని, వేసవిలో వల లాగే మనుషులు దొరక్క, మళ్లీ అతని దగ్గరికే తక్కువ రేటుకు వెళ్లిన సొసైటీలు ఉన్నాయి. మొదటి ఏడాది సగం పద్ధతిలో పోవచ్చు: పట్టేది, తూకం వేసేది మీరు, కొనేది అతను, రేటు మాత్రం ముందురోజు మార్కెట్ ధరను బట్టి. కాంటా మీ చేతిలో ఉండటమే ఆ ఏడాదికి గెలుపు.

హైదరాబాద్ పక్కన ఉండటం మీకు పెద్ద లాభం, దాన్ని వాడుకోండి. గుత్తేదారు ఒకే వారంలో అంతా లాగితే మార్కెట్‌లో చేప గుట్టలు పడి రేటు పడిపోతుంది. మీకు ఆ తొందర లేదు. చేప కిలో దాటడం మొదలయ్యాక ఆదివారం ఆదివారం కొంత కొంత, కిలో దాటినవే తీసి, బతికున్న చేపను కట్ట మీదే అమ్మితే సిటీ జనం కార్లేసుకుని వచ్చి కొంటారు, రామ్‌నగర్ మార్కెట్‌లో కమీషన్ పోగా వచ్చేదాని కంటే నయంగా వస్తుంది. ఇలా కొంచెం కొంచెంగా తీస్తే చెరువులో మిగిలిన చేపకు మేత, జాగా దొరికి అది ఇంకా పెరుగుతుంది. మృగశిర కార్తె నాటికి కొన్ని కొర్రమీన్లు ఉంచుకోగలిగితే ఆ ఒక్కరోజు రేటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నీళ్లుంటేనే సుమా, చాలా చెరువులు అప్పటికి అడుగంటిపోతాయి.

ఇప్పుడు కాగితాలు. మొదట చెరువు ఎవరిదో తేల్చుకోండి: చేపల లీజు ఇచ్చేది మత్స్య శాఖా, గ్రామ పంచాయతీనా, ఊరు మున్సిపాలిటీలో కలిసిపోయి ఉంటే ఇప్పుడెవరు? లీజు కాపీ, సొసైటీ బైలా, సభ్యుల జాబితా, గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టు, గత మూడేళ్లలో మీ చెరువులో ఎన్ని పిల్లలు ఏ తేదీన వదిలారన్న రికార్డు, ఇవి అడగండి. సభ్యుడిగా మీ నాన్న సొసైటీని నేరుగా అడగొచ్చు, ఇవ్వకపోతే శాఖలకు పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు. మీరు కాదు, ఆయన పేరు మీద పెట్టించండి. మీరు సభ్యులు కారు కాబట్టి సిటీ నుంచి వచ్చి పెత్తనం చేస్తున్నాడనే మాట మొదటి రోజే పుడుతుంది. సహకార చట్టం ప్రకారం నడిచే సంఘానికి సర్వసభ్య సమావేశం, ఆడిట్ తప్పనిసరి. లీజు కాగితంలో, బైలాలో గుత్త గురించి ఏముందో చూసుకోండి, ఎందుకంటే సొసైటీలకు చెరువులు ఇవ్వడం వెనక ఉన్న ఉద్దేశమే సభ్యులు స్వయంగా చేప పట్టుకుని బతకాలని.

పిల్లల సంగతి విడిగా చెప్పాలి. తెలంగాణలో 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలు వదులుతోంది, కొన్ని నెలలే నీళ్లుండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల సైజు, ఏడాదంతా నీళ్లుండే పెద్దవాటికి, రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. స్కీమ్ మంచిదే, గొడవంతా కట్ట మీద జరుగుతుంది. బండి ఏ రాత్రికో వస్తుంది, ఇద్దరు సంతకాలు పెడతారు, ఎన్ని వేశారో ఎవరూ లెక్కపెట్టరు. లెక్క పెట్టడం కష్టమేమీ కాదు: జాలీ గరిటెతోనో గిన్నెతోనో ఐదారు సార్లు తీసి ఒక్కో గిన్నెలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, సగటు తీసి, మొత్తం గిన్నెలతో గుణించాలి. పది మంది సభ్యులు నిలబడి, ఫోన్‌లో వీడియో తీసి, స్కేలు పెట్టి సైజు చూసి, అప్పుడు సంతకం పెట్టండి. సైజు తక్కువుంటే, చచ్చినవి ఎక్కువుంటే కాగితం మీద అదే రాయండి. అధికారులకు కూడా నిజానికి ఇది మేలు, బండి తెచ్చిన సప్లయర్‌ను అడగడానికి వాళ్లకూ ఆధారం దొరుకుతుంది. ఇంకోటి, పిల్లలు ఆలస్యంగా వస్తే పెరిగే నెలలు పోతాయి. వానలు పడగానే సొంతంగా చిన్న సైజు పిల్లలు కొని, ఒక కుంటలోనో చెరువు మూల జాలీ కట్టో నెలన్నర పెంచి, వేలెడు సైజయ్యాక వదులుకునే సొసైటీలు ఎవరి బండి కోసమూ ఎదురుచూడవు. మొదటి ఏడాది లాభంలో కొంత దీనికే పక్కన పెట్టమంటాను, డివిడెండ్ కాస్త తగ్గినా సరే.

మత్తడికి, అంటే నిండిన నీళ్లు పొర్లిపోయే అలుగుకు, జాలీ కట్టారా? నవ్వకండి, మంచి వాన పడి మత్తడి దుంకితే వేసిన పిల్లల్లో పెద్ద భాగం కింది వాగులోకి పోయిన చెరువులు చాలా ఉన్నాయి. అయితే జాలీకి చెత్త అడ్డుపడితే నీళ్లు పోక కట్టకే ప్రమాదం, కాబట్టి వరద రోజుల్లో అక్కడ మనిషి ఉండాలి, నీటిపారుదల శాఖ వాళ్లకు చెప్పి కట్టాలి. శాఖతో కలిసి పనిచేయడమంటే మీటింగులో బొకేలు ఇచ్చుకోవడం కంటే ఇలాంటి చోట ఎక్కువ అక్కరకొస్తుంది.

అష్టముడి దగ్గరికి వద్దాం, మీరు అడిగారు కాబట్టి. కొల్లం దగ్గర ఆ ఉప్పునీటి సరస్సులో తినే గుల్లలు పడతారు. 1991లో 10,000 టన్నుల దాకా వెళ్లిన దిగుబడి 1993కు సగానికి పడిపోయింది. అప్పుడు పుట్టుకొచ్చాయి నియమాలు: గుడ్లు పెట్టే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేట బంద్, 30 మిల్లీమీటర్ల కంటే చిన్న కన్ను ఉన్న వల వద్దు, కిలోకు 1,400 కంటే ఎక్కువ తూగేంత చిన్నవి ఎగుమతికి వద్దు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు లెక్కలు కట్టారు, తర్వాత మత్స్యకారులు, అధికారులు, వ్యాపారులు కూర్చునే ఒక మండలి ఏర్పడింది, వనరు చెడకుండా వేట నడుస్తోందని చెప్పే అంతర్జాతీయ ఎమ్మెస్సీ (మెరైన్ స్టీవర్డ్‌షిప్ కౌన్సిల్) సర్టిఫికెట్ 2014లో వచ్చింది, మన దేశంలో అదే మొదటిది. చదివేవాళ్లు సర్టిఫికెట్ దగ్గర ఆగిపోతారు. నాకు అందులో ముఖ్యమనిపించేది మూడో నియమం. చిన్న గుల్లను కొనేవాడే లేకపోతే పట్టేవాడు ఎందుకు పడతాడు? అక్కడ కాపలాదారు పని సగం కొనుగోలుదారు చేశాడు. గుల్ల ఎక్కడికీ ఈదిపోదు కాబట్టి ఈ ఏడాది వదిలింది వచ్చే ఏడాది తమకే దొరుకుతుందన్న నమ్మకం కూడా ఉంది. మీ చెరువులో కూడా మత్తడి తప్ప చేప పోయే దారి లేదు, ఆ విషయంలో మీరు అదృష్టవంతులే.

సముద్రం మీద ఇది ఎంత కష్టమో విశాఖలో చూశాం. 2022 జనవరిలో చేపల గుంపును చుట్టి లాగే రింగు వలల మీద మత్స్యకార గ్రామాల మధ్యే గొడవ ముదిరి పడవలు తగలబడ్డాయి. అక్కడ చట్టం లేక కాదు, 1994 నాటి చట్టం ఉంది, తీరం దగ్గరి నీళ్లు సంప్రదాయ పడవలకే అన్న హద్దు ఉంది, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కూడా ఉంది. ఆ హద్దు నీళ్ల మీద ఎవరికీ కనిపించదు, దాన్ని రోజూ కాసేవాళ్లు తక్కువ, గీత దాటినవాడికి ఏమవుతుందో ఊరూరికీ ఒక్కో లెక్క.

మీరు అష్టముడి కంటే ఎక్కువగా చదవాల్సింది మధ్యప్రదేశ్‌లోని తవా గురించి. తవా డ్యామ్ కింద భూములు పోయిన ఆదివాసీలు కొట్లాడి 1996లో ఆ జలాశయం మీద చేపల హక్కు తమ సహకార సంఘాల సమాఖ్యకు తెచ్చుకున్నారు. పట్టిన చేప తూకం, అమ్మకం, ప్రభుత్వానికి కట్టే రాయల్టీ, వానాకాలం వేట విరామం, దొంగ వేట మీద గస్తీ, అన్నీ వాళ్లే నడిపారు, బాగా నడిపారు కూడా. పదేళ్ల తర్వాత లీజు పొడిగించలేదు. ఆ నీళ్లు పులుల అభయారణ్యం పరిధిలోకి వస్తాయని వన్యప్రాణి చట్టం అడ్డం వచ్చింది. వాళ్ల లెక్కల్లో తప్పు లేదు, వాళ్ల చేతిలో ఉన్న కాగితానికి గడువుంది, అంతే. అందుకే మీ లీజు ఎన్నేళ్లు, ఎప్పుడు అయిపోతుంది, రెన్యువల్ ఎవరి చేతిలో ఉంది అన్నది మొదటి పేజీలో రాసి పెట్టుకోమంటున్నాను.

మన దగ్గరి కొల్లేరు దీనికి తిరగేసిన కథ. కాగితం మీద సొసైటీలు బ్రహ్మాండంగా ఉండేవి, 1970ల నుంచి వాటి పేరు మీద చెరువులు తవ్వారు, తర్వాత చాలావాటిలో డబ్బున్నవాళ్లు దిగారు, సభ్యుడు తన పేరు మీదున్న చెరువులోనే కూలి అయ్యాడు. 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యం అయింది, 2005-06లో గట్లు కొట్టేశారు. ఆ దెబ్బ పెట్టుబడిదారు కంటే కూలి మీదే గట్టిగా పడింది. మీ ఊళ్లో జరుగుతున్నది దీనికి చిన్న సైజు నకలు, ఈ మాట సమావేశంలో చెప్పండి, పెద్దవాళ్లకు కొల్లేరు గుర్తుంటుంది.

లెక్క బయటికొచ్చి ఒక సీజన్ గడిచాక నియమాల మాట ఎత్తండి. అప్పుడు మీరు ఎత్తక్కర్లేదు, వాళ్లే ఎత్తుతారు. ఇక్కడ ఒక సాంకేతిక సంగతి ఉంది, ట్రైనింగుల్లో సముద్రం పాఠం చెరువుకు అప్పజెప్పేస్తారు కాబట్టి చెప్తున్నా. రవ్వ, బొచ్చె, మృగాల చెరువు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టి పెరగవు, వాటికి వానకాలపు పారే నీళ్లు కావాలి. అందుకే వాటిని ఏటా వేస్తాం. వాటి విషయంలో వేట విరామం అంటే గుడ్ల కోసం కాదు, బరువు కోసం. కొర్రమీను అలా కాదు, అది చెరువులోనే గడ్డి చాటున గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది, తల్లీతండ్రీ పిల్లల గుంపుకు కాపలా కాస్తాయి. ఎర్రగా గుంపుగా తేలే ఆ పిల్లల దగ్గర విసురు వల వేసి పెద్దదాన్ని పట్టేస్తే ఆ గుంపు మొత్తం జిలేబీ చేపలకు, పాములకు మేత అవుతుంది. కాబట్టి మీ చెరువులో ఒకే ఒక నిషేధం పెట్టాలంటే వానాకాలంలో పిల్లలతో ఉన్న కొర్రమీనును ముట్టకూడదు అని పెట్టండి. దాన్ని మన రాష్ట్ర చేప అని పెట్టుకున్నాం, మార్కెట్‌లో దానికున్న ధర మరే చెరువు చేపకూ లేదు, పైగా దాని పిల్లలు మీకు ఉచితం.

గట్టు పొడుగునా గడ్డి, తామర మొత్తం పీకేసి శుభ్రం చేయడం కూడా ఆలోచించి చేయండి. గుర్రపు డెక్క తీయాల్సిందే, అనుమానం లేదు. మహారాష్ట్రలో భండారా, గోండియా వైపు ధీవర మత్స్యకారులు లొట్టపీసు చెట్లు తీసేసి, నీటిలో పెరిగే దేశవాళీ మొక్కలు మళ్లీ నాటి, పోయిన నాటు చేపల్ని వెనక్కి తెచ్చుకున్నారు, ఆ పనిలో ఆడవాళ్లు ముందున్నారు.

శిక్షల గురించి. ఉమ్మడి వనరుల మీద పనిచేసి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ తెచ్చుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ చెప్పినవాటిలో నాకు పొలంలో, చెరువులో పదే పదే నిజమని కనిపించినవి రెండు: కాపలా కాసేవాడు వాడుకునేవాళ్లకే జవాబుదారీగా ఉండాలి, శిక్ష చిన్నదానితో మొదలై మెల్లగా పెరగాలి. మొదటిసారి పట్టుబడితే అందరి ముందు మందలింపు, రెండోసారి వల వారం రోజులు సొసైటీ గదిలో, మూడోసారి ఆ ఏడాది వాటాలో కోత. మొదటి తప్పుకే పదివేలు జరిమానా అని బోర్డు పెడితే ఎవరూ వసూలు చేయరు, రెండో వారానికి ఆ బోర్డు మీద బట్టలు ఆరేస్తారు. ముఖ్యంగా, పట్టుబడిన మొదటివాడు చైర్మన్ బామ్మర్ది అయితే ఏం చేస్తారో ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే చాలాసార్లు అతనే అవుతాడు. వెలివేతలు, మాట్లాడకూడదు, కిరాణా ఇవ్వకూడదు లాంటివాటి జోలికి అస్సలు పోవద్దు. ఉత్తర తెలంగాణలో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు ఈ పని చేసి కేసుల్లో ఇరుక్కున్నాయి, ఇరుక్కోవాల్సిందే కూడా. బయటి దొంగను పట్టుకుంటే ఫొటో తీసి పోలీసులకు, శాఖకు అప్పగించండి, చేయి చేసుకోవద్దు.

ఊరి పెత్తనం అంతా మంచిదే అనుకునే చదువుకున్నవాళ్లు చాలామంది ఉంటారు, మీ ప్రశ్నలో కూడా ఆ వాసన కొంచెం ఉంది. పులికాట్ సరస్సులో పాడు అనే పాత పద్ధతి ఉంది, రొయ్యలు బాగా పడే చోట్లను చీట్లు తీసి వంతులవారీగా పంచుకుంటారు, ఎవరికీ ఎప్పుడూ మంచి చోటే దక్కకుండా. చక్కటి ఏర్పాటు. కానీ ఆ వంతు కొన్ని కులాల కుటుంబాలకే, మిగతావాళ్లు బయట నిలబడ్డారు, దాని మీద గొడవలూ అయ్యాయి. మన దగ్గర ముదిరాజ్, గంగపుత్ర సంఘాల మధ్య సభ్యత్వం మీద నడుస్తున్న వివాదం మీకు తెలిసిందే. దాని మీద నేను తీర్పు చెప్పను. మీ సొసైటీలో కొత్త సభ్యత్వాలు ఆగి ఉంటే, వల విసరడం, అల్లడం, ఈత లాంటి నైపుణ్య పరీక్ష శాఖ పెట్టాల్సి ఉంటే, ఆ పంచాయితీ తేలేదాకా అమ్మకాల లెక్క పనైనా ఆపకండి. రెండూ కలిపితే రెండూ ఆగిపోతాయి.

చేప అమ్మే ఆడవాళ్లు ఎంతమంది సభ్యులు? చనిపోయిన సభ్యుడి భార్యకు వాటా వస్తుందా? ధర గురించి ఊళ్లో అందరికంటే బాగా తెలిసినవాళ్లు వాళ్లే, అమ్మకాల కమిటీలో కనీసం ఇద్దరు ఉండాలి. కాంటా వాళ్ల చేతికిచ్చిన చోట మోసం తక్కువని నా అనుభవం.

ఇక మీ చెరువుకు ప్రత్యేకంగా ఉన్న తలనొప్పి, సిటీ. చేప మత్స్య శాఖది, నీళ్లు, తూము, కట్ట నీటిపారుదల శాఖవి, శిఖం భూమి (నీళ్లు నిలిచే చెరువు నేల) రెవెన్యూది, మురుగు వదిలేది పై కాలనీలు, కట్ట మీద వాకింగ్ ట్రాక్ వేసేది ఇంకొకరు. ఏ ఒక్కరితో ఒప్పందం చేసుకున్నా మిగతావాళ్లు దాన్ని చెడగొట్టగలరు. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, ఆ మ్యాపు తెచ్చుకుని సొసైటీ గోడ మీద అతికించండి. పది హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల బఫర్ ఉండాలని 2012 నాటి జీవో 168 చెబుతుంది, మీ వంద ఎకరాలు దానికిందికి వస్తుంది. ఎవరైనా మట్టి పోస్తుంటే మొదట చూసేది తెప్ప మీద ఉన్న మీవాళ్లే. ఫిర్యాదు సొసైటీ లెటర్‌హెడ్ మీద, జీవనోపాధి పోతోందని రాస్తే ఆ బరువు వేరు, కాలనీ సంఘాన్ని కూడా కలుపుకోండి. వాళ్లకు దోమలు, వాసన సమస్య, మీకు చేప సమస్య, కారణం ఒకటే.

చేపలు తేలిపోయే రోజు కోసం కూడా సిద్ధంగా ఉండండి, సిటీ చెరువులకు అది వస్తూనే ఉంటుంది. ఎండాకాలం చివర నీళ్లు తక్కువున్నప్పుడు మొదటి పెద్ద వానకు నాలాల్లోని కుళ్లంతా ఒకేసారి వచ్చి పడుతుంది, దాన్ని కుళ్లబెట్టే క్రిములు, నాచు కలిసి రాత్రంతా ఆక్సిజన్ తినేస్తాయి, తెల్లవారుజామున లీటరుకు మూడు మిల్లీగ్రాముల లోపు పడితే చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. కొర్రమీను గాలి పీల్చి బతికిపోతుంది, రవ్వ, బొచ్చె పోతాయి. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున ఒక మనిషి చెరువు చూసి రావాలి. చేప పైకి తేలి ఊపిరాడక కొట్టుకుంటుంటే ఆ ఉదయమే పెద్దవాటిని పట్టేయండి. చచ్చినవి కనిపిస్తే ముందు శుభ్రమైన సీసాల్లో రెండు మూడు చోట్ల నీళ్లు పట్టి, టైమ్ కనిపించేలా ఫొటోలు తీసి, కాలుష్య నియంత్రణ మండలికి, మత్స్య శాఖకు అదే ఉదయం ఫోన్ చేయండి. సాయంత్రానికి గుంత తీసి పూడ్చేస్తే ఆధారమూ దాంతోపాటే పోతుంది. ఫ్యాక్టరీ రసాయనం అని అనుమానం ఉంటే ఒక్క చేప కూడా అమ్మొద్దు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల వ్యర్థాలు పారిన నక్కవాగు కింద ఊళ్లు ఏళ్లతరబడి ఏం అనుభవించాయో తెలిసినవాళ్లెవరూ ఆ పని చేయరు.

చివరగా కంపెనీ సంగతి. మత్స్య రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాయం పెట్టారు, నిజమే. కానీ మీ లీజు హక్కు సొసైటీ పేరు మీద ఉంది, కంపెనీ పేరు మీద లేదు. సొసైటీని గుత్తేదారు చేతిలోనే ఉంచి పక్కన కంపెనీ పెడితే అమ్మడానికి చేప ఎక్కడిది? రెండు సీజన్లు మీ చేత్తో తూకం వేసి అమ్మాక, చుట్టుపక్కల నాలుగైదు చెరువుల సొసైటీలు కూడా కలిస్తే, ఐస్, వ్యాను, సిటీలో ఒక అమ్మకం షాపు కోసం అప్పుడు ఆలోచించండి. ఇప్పుడైతే లీజు కాపీలో గడువు తేదీ, బైలాలో గుత్త మీద ఏముందో ఆ రెండు పేజీలు ఫొటో తీసి పెట్టండి, పాలకవర్గం పదవీకాలం ఎప్పుడు అయిపోతుందో కూడా రాయండి. దాన్ని బట్టి సర్వసభ్య సమావేశం ముందా, ఎన్నిక ముందా అన్నది చెప్తాను.